పొగలో దాచిన మోడెం

ఈ సంగతులు ఎప్పుడో రాసి ఉండాలి. రాయకపోవడానికి కారణం చిన్నదే. నాకు రాయడం రాదు. నలభై ఒకటో ఏడు వచ్చేదాకా అక్షరం ముక్క తెలీదు. మా ఊరు హుకుంపేట నుంచి రెండు కొండలు ఎక్కి దిగితే వస్తుంది. నా చిన్నప్పుడు అక్కడ బడి లేదు. బడి వచ్చేసరికి నా చంకలో పిల్ల ఉంది. తర్వాత ఆసుపత్రిలో పని దొరికింది. అక్కడ ఎటు చూసినా కాగితాలే. కాగితాల మధ్య చదువురానివాళ్ళు ఎలా నెట్టుకొస్తారో తెలియాలంటే నన్ను అడగండి. ఎవరైనా చీటీ చేతికిస్తే, "చేతులు తడిగా ఉన్నాయండి, మీరే చదివి చెప్పండి" అనేదాన్ని. అందుకోసం నా చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేటట్టు చూసుకునేదాన్ని.

అక్షరాలు వచ్చాక కూడా చాలా ఏళ్ళు నా రాత సామాన్ల జాబితా దాటలేదు. నాలుగు వాక్యాలు వరసగా రాయాలంటే భయం. పని మానేసి ఇంట్లో కూర్చున్నాక, ఎండబోసిన కాఫీ పళ్ళ దగ్గర కోళ్ళని తోలుకుంటూ, రోజుకి కాస్త చొప్పున ఇది రాశాను.

ఇప్పుడు మా కొండల్లో బడుల్లో, సచివాలయాల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఉన్నాయి. మా గుంటలే, మా కొండ పిల్లలే, వాటి ముందు కూర్చుని టకటకా కొడుతున్నారు. చూస్తే కడుపు నిండుతుంది. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఆఖరి రోజున ఎవరు శాలువా కప్పారు, అవన్నీ వదిలేస్తున్నాను. ఒక పాత మోడెం గురించి, ఒక పిల్ల చెయ్యి గురించి, నేను చేసిన తప్పు గురించి చెబుతాను.

ఊడ్చే పని

మాది స్వచ్ఛంద సంస్థ నడిపే చిన్న ఆసుపత్రి. పన్నెండు మంచాలు, ఒక డాక్టరమ్మ, ఒక ఎక్స్‌రే మిషను, ఒక ఫోను. అప్పటికి మా వైపు సెల్‌ఫోన్ రాలేదు. నన్ను ఊడ్చి తుడవడానికి పెట్టుకున్నారు. కంప్యూటర్ గది కూడా నేనే ఊడ్చేదాన్ని. అలా ఊడుస్తూ ఊడుస్తూ ఆ గది నాదైపోయింది.

మిషన్ల పని అంటే తెర ముందు కూర్చోవడం అనుకుంటారు. మా కొండల్లో ఆ పనిలో సగం ఊడ్చే పనే. కంప్యూటర్ పెట్టె లోపల చీమలు పుట్ట పెడతాయి. బల్లి దూరి చస్తుంది. ఆషాఢం వచ్చిందంటే బీరువాలో పెట్టిన ప్రతి వస్తువు మీదా తెల్లగా బూజు లేస్తుంది. ఎందుకు ఆగిపోయిందని పాడేరు నుంచి మెకానిక్కుని పిలిపించిన మిషను, నేను వెనక్కి తిప్పి పెయింటు బ్రష్షుతో దులిపితే లేచిన రోజులున్నాయి. ఈ మాట ఆ మెకానిక్కుకి చెప్పకండి.

ఆ రోజుల్లో మోడెం అంటే ఇప్పటి వైఫై పెట్టె కాదు. అరచేతి వెడల్పు పెట్టె. ఒక తీగ కంప్యూటర్‌కి, ఒక తీగ ఫోను లైనుకి. కంప్యూటర్ చెప్పే మాటని కూతగా మార్చి ఫోను తీగలోకి పంపుతుంది. అవతలి నుంచి వచ్చిన కూతని మళ్ళీ మాటగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తుంది. దాని మొహం మీద వరసగా ఎర్ర దీపాలు. అది కలిసేటప్పుడు కీచుమని, గరగరమని గోల చేస్తుంది. ఆ గోల విని మంచాల మీది పిల్లలు నవ్వేవారు.

జోగారావుగారు

దాన్ని పెట్టింది జోగారావుగారు. ఫోను లైన్ల పనిలో రిటైరై, విజయనగరం వైపు నుంచి మా కొండకి వచ్చి ఊరికే సాయం చేసేవారు. పళ్ళు సగం లేవు. చుట్ట ఆరిపోయినా నోట్లోంచి తీసేవారు కాదు. కంప్యూటర్‌లో లినక్సు వేసిందీ ఆయనే. డబ్బు కట్టక్కర్లేదు, వైరస్ పట్టదు, మనం అడిగితే లోపలున్నది దాచకుండా చెబుతుంది అనేవారు. ఆ మూడోది ఆయనకి బాగా నచ్చేది.

నాకు చదువు రాదని ఆయనకి తెలుసో లేదో నాకిప్పటికీ తెలీదు. ఎప్పుడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. కాని నాకు ఏది నేర్పినా చూపించి నేర్పారు. ఒకరోజు మోడెంని తిరగేసి కిందున్న కాగితం చూపించారు.

"ఇదేటి సెల్లీ?"

"పేరు కదండీ."

"పేరే. కొట్టోడు అంటించిన పేరు. లోపల ఇంకోటి ఉంటాది. ఇది ఎవరో తెలాలంటే దీన్నే అడగాల."

అడగడం కూడా చూపించారు. తెర మీద ఒక కిటికీ తెరిచి, రెండు బటన్లు నొక్కి, పెద్ద బటను నొక్కారు. మోడెం రెండు ఆకారాలతో జవాబిచ్చింది. ఆ రెండూ కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు అన్నారు.

నాకు ఆ బటన్లు తెలుసు. కీబోర్డు రోజూ తుడిచేదాన్ని కదా. ఏ గుర్తు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆయన నొక్కినవి, మధ్య వరసలో మొట్టమొదటిది, పై వరసలో అయిదోది. మోడెం ఇచ్చిన జవాబు, పై వరసలో తొమ్మిదోది, మధ్య వరసలో ఎనిమిదోది. ఆ అక్షరాల్ని ఏమంటారో నాకు తెలీదు. వాటి ఇళ్ళు మాత్రం తెలుసు.

కళ్ళకి పొర వచ్చి ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళిపోతూ, ఒక చీటీ రాసి మోడెం నడుముకి టేపుతో చుట్టారు. ఏ సెట్టింగు ఎలా పెట్టాలి, మన లైనుకి ఏం కావాలి, అన్నీ అందులో ఉన్నాయన్నారు.

"నేను లేనప్పుడు ఇది సూసుకో సెల్లీ. దీన్ని మాత్రం పారేయనీకు."

సరే అన్నాను. చదవడం రాదు అనడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్ళీ రాలేదు. ఆయన ముందు సిగ్గు పడక్కర్లేదు. అయినా సరే అన్నాను.

అటక మీద

కొన్నాళ్ళకి సంస్థకి కొత్త కార్యదర్శిగారు వచ్చారు. చెడ్డవారు కాదు. మందులు ఎప్పుడూ తక్కువ కానివ్వలేదు. కాని పాత వస్తువు కనిపిస్తే ఆయనకి దురద పుట్టేది. కొత్త కంప్యూటర్ తెప్పించారు. విండోసుతో వచ్చింది, మోడెం దాని కడుపులోనే ఉంది. దాని సెట్టింగులన్నీ పాడేరు మెకానిక్కు పెట్టి వెళ్ళాడు, అది చప్పుడు లేకుండా కలిసేది. పాతవన్నీ తీసి పారేయమన్నారు. పాత కంప్యూటర్‌ని తూకానికి అమ్మేశారు. మోడెం పెట్టెని, దాని తీగల్ని నేను కొంగులో కట్టుకుని ఇంటికి పట్టుకుపోయాను. ఎవరికీ చెప్పలేదు. దొంగతనం అంటే అనుకోండి.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మా ఇళ్ళల్లో పోగొట్టుకోకూడనిది ఏదైనా పొయ్యి మీది అటక మీద పెడతాం. సోళ్ళ విత్తనం, అంటే రాగులు, సామ విత్తనం, ఆనపబుర్రలో పోసిన చిక్కుడు గింజలు, అన్నీ అక్కడే. కింద పొయ్యి పొగ రోజూ తగులుతుంటే పురుగు పట్టదు, చెమ్మ ఎక్కదు. మా అమ్మ అలా చేసింది, వాళ్ళమ్మ అలా చేసింది. నేనూ మోడెంని అడ్డాకుల్లో చుట్టి, గోనె ముక్కలో కట్టి, విత్తనం బుర్రల పక్కన పెట్టాను. రెండేళ్ళు అక్కడే ఉంది. వేరే ఆలోచనే రాలేదు నాకు. విత్తనాన్ని అక్కడ కాక ఇంకెక్కడ దాస్తారు?

పనస చెట్టు

ఆ రెండో ఏడు వానలకి ముందు కొత్త కంప్యూటర్‌కి వైరస్ పట్టి, లోపలున్నదంతా తినేసింది. అప్పటికి మా ఆపరేటరు రమణ. పార్వతీపురం వైపు గుంటడు, నెమ్మదస్తుడు, నన్ను అక్క అన్నట్టు అప్పా అని పిలిచేవాడు. సీడీ పెట్టి లినక్సు ఎక్కించాడు. అన్నీ లేచాయి, మోడెం తప్ప.

ఎందుకో నాకు చెప్పాడు. లోపలున్న కార్డుల పేర్లన్నీ చూపించే కమాండు ఒకటి కొట్టి, ఒక వరస మీద వేలు పెట్టాడు.

"ఇది ఉత్త మొద్దు మోడెం అప్పా. దీనికి సొంత బుర్ర లేదు. విండోసు బుర్ర అరువిస్తే పనిసేత్తాది. లినక్సులో దీనికి వేరే డ్రైవరుండాల. అది ఇంటర్నెట్టులో ఉంటాది."

"అయితే తెచ్చుకో."

"ఇంటర్నెట్టుకెళ్ళాలంటే మోడెం ఉండాల కదేటి."

ఇద్దరం నవ్వుకున్నాం. వచ్చే వారం పాడేరు వెళ్ళి తెస్తానన్నాడు. నా ఇంట్లో ఉన్న పెట్టె సంగతి అప్పుడే చెప్పొచ్చు. పట్టుకుపోయినందుకు కార్యదర్శిగారు ఏమంటారోనని చెప్పలేదు. చదువు రాదని దాచడం మొదటి తప్పయితే, ఇది నా రెండో తప్పు.

పాడేరు ప్రయాణం పడకుండానే వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ జారింది. బస్సులు ఆగాయి. మూడో రోజు మధ్యాహ్నం డోలీలో ఒక పిల్లని తెచ్చారు. పేరు బుద్రి. బుధవారం పుట్టిందని ఆ పేరు. ఆశ్రమ బడిలో మూడో తరగతి చదువుతోంది. ఇంటికొచ్చి, తడి పనస చెట్టెక్కి, జారి పడింది. కుడి మోచెయ్యి పైన ఎముక విరిగింది. డోలీ వెంట వాళ్ళ నాయనమ్మ నడిచొచ్చింది, ఒళ్ళంతా బురద.

డాక్టరమ్మ చెయ్యి పట్టి చూశారు. వేళ్ళు ముట్టుకోమని నాకు చూపించారు. చల్లగా ఉన్నాయి. తెల్లగా ఉన్నాయి. జనరేటరు వేసి ఎక్స్‌రే తీశారు.

డాక్టరమ్మ ఫోనులో విశాఖలోని ఎముకల డాక్టరుగారితో మాట్లాడారు. నేను గది తుడుస్తూ విన్నాను. విరిగిన ముక్క నరాల మీద, రక్తనాళం మీద ఒత్తుతోంది. దాన్ని సరిచేస్తే రక్తం ఆడుతుంది. కాని ముక్క ఏ వైపు జరిగిందో డాక్టరమ్మకి ఎక్స్‌రేలో నమ్మకంగా తేలడం లేదు. తప్పు వైపు తిప్పి లాగితే నాళం తెగొచ్చు. ఊరుకుంటే సాయంత్రం దాటేసరికి చెయ్యి చచ్చిపోతుంది. ఆయన అవతల నుంచి, మాటలతో చెబితే నేను చెప్పలేను, ఫిల్ముని ఫోటో తీసి పంపండి, చూసి చెబుతాను అన్నారు.

కెమెరా ఉంది. ఫోటో రమణ అప్పటికే తీశాడు, కిటికీ అద్దానికి ఫిల్ము అంటించి. పంపడానికి దారి లేదు.

నాయనమ్మ నా కొంగు పట్టుకుంది. మా కొండ భాషలో, తక్కువ గొంతుతో అడిగింది. ఆ చెయ్యి పోతే ఇది సోళ్ళెలా కోస్తుంది, బడిలో ఎలా రాస్తుంది అని.

అప్పుడు చెప్పాను డాక్టరమ్మకి, పాత మోడెం నా ఇంట్లో ఉందని. ఆవిడ ఎందుకు, ఎలా అని అడగలేదు. "బేగి వెళ్ళు" అన్నారు. ఆవిడ గుంటూరు మనిషి. మా మాట ఆవిడ నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

తడి చేతులు

ఇంటికి పోనూ రానూ నలభై నిమిషాలు. వానకి వేసుకునే ఆకుల గిడుగు కింద పెట్టుకుని గోనె మూటని తడవకుండా తెచ్చాను. బల్ల మీద విప్పాను. రమణ వంగి చూశాడు.

మోడెం నల్లగా, జిడ్డుగా, కాల్చిన దుంపలా ఉంది. కింద పేరున్న కాగితం మసి కింద కనిపించడం లేదు. నడుముకి చుట్టిన జోగారావుగారి చీటీ గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే ఆకు పొడిలా రాలింది. ఒక్క గీత కూడా మిగల్లేదు.

"చీటీలో ఏం రాసి ఉంది చిలకమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు.

గదిలో రమణ ఉన్నాడు, నర్సమ్మ ఉంది, గుమ్మంలో నాయనమ్మ ఉంది. చేతులు తడిగా ఉన్నాయని చెబుదామని నాలుక చివరి దాకా వచ్చింది. నిజంగానే తడిగా ఉన్నాయి కూడా.

"నాకు చదవడం రాదమ్మా," అన్నాను. "ఒక్కసారి కూడా చదవలేదు."

తొమ్మిదేళ్ళు దాచిన మాట. చెప్పడానికి ఊపిరి తీసినంత సేపు కూడా పట్టలేదు.

డాక్టరమ్మ నా వైపు చూసి, కుర్చీ లాగి కూర్చోమన్నారు. "సరే. చదివింది వద్దు. చూసింది చెప్పు. విన్నది చెప్పు. ఆయన దీంతో పనిచేస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు కదా."

నా పని జీవితంలో ఎవరైనా పెద్దవాళ్ళు నాతో అన్న మంచి మాట ఏది అంటే ఇదే చెబుతాను.

అడిగి తెలుసుకోవడం

ముందు తీగల మొనలకి పట్టిన మసి. నేనది రబ్బరుతో రుద్ది, డ్రెస్సింగు గదిలోని స్పిరిట్ దూదితో తుడిచాను. ఆ పని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల పచ్చటి పలక మీద మాత్రం మసి లేదు, బూజు లేదు, ఆకుల చుట్టలో పొడిగా ఉంది. ఆసుపత్రి బీరువాలో ఉంచిన పాత సామాను మాత్రం బూజు పట్టి మొనలన్నీ పచ్చగా తుప్పెక్కింది. పొగ మోడెంని బతికించింది, చీటీని చంపింది.

కరెంటు తీగ పెట్టగానే ఎర్ర దీపం ఒకటి వెలిగింది.

కంప్యూటర్ వెనక మోడెం తీగ పట్టే బెజ్జాలు రెండున్నాయి. రమణ తీగని ఒకదానిలో బిగించి, మోడెంతో మాట్లాడే కిటికీ తెరిచాడు. మధ్య వరసలో మొదటిది, పై వరసలో అయిదోది, పెద్ద బటను. జవాబు లేదు. మళ్ళీ కొట్టాడు. లేదు.

"సచ్చిపోనాదేమో అప్పా."

"దీపం ఎలుగుతాంది కదా. రెండో బెజ్జంలో పెట్టు."

నిజానికి కంప్యూటర్ ఒక బెజ్జం దగ్గర చెవి పెట్టుకుంటే మేము రెండోదాన్లో మాట్లాడుతున్నాం, అంతే. తీగ మార్చి కొట్టాడు. తెర మీద రెండు ఆకారాలు వచ్చాయి. తొమ్మిదో ఇల్లు, ఎనిమిదో ఇల్లు. అతను చదివేలోపల నేనే అన్నాను, ప్రాణం ఉంది అని.

రమణ ఇంకో ప్రశ్న కొట్టాడు. నీ పేరేమిటి అని అడిగే కమాండు అది. మసి కింద మేము చదవలేని పేరుని మోడెం తనే తెర మీద రాసింది. రమణ మొహం వెలిగింది. "సొంత బుర్రున్న మోడెం అప్పా ఇది. డ్రైవరూ అక్కర్లేదు, ఏటీ అక్కర్లేదు." జోగారావుగారు ఉంటే చుట్ట తీసి నవ్వేవారు.

పేరు తెలిసినంత మాత్రాన పని అయిపోలేదు. ఇంటర్నెట్టు నంబరు కలపమంటే, డయల్ టోన్ లేదని చెప్పి ఆగిపోయింది. నాకు దాని లోపలి చిన్న స్పీకర్లో లైను కూత వినిపిస్తూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. జోగారావుగారు దీన్ని తిడుతుండేవారు, మన ఎక్స్ఛేంజి కూత దీనికి అర్థం కాదు, కూత కోసం ఎదురు చూడకుండా నంబరు నొక్కమని దీనికి చెప్పాలి అని. ఆ మాట రమణకి చెప్పాను. అతనికి దానికి కావలసిన అక్షరం తెలుసు. కలిపాడు.

ఈసారి నంబరు వెళ్ళింది, పిల్లల బొమ్మ ఫోనులా పీపీ అంటూ. తర్వాత ఏమీ లేదు. అదే కూత, అలాగే ఉంది.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి పిల్ల వేళ్ళు చూసి వచ్చారు. గోడ గడియారం వైపు చూశారు.

నేను కళ్ళు మూసుకున్నాను. ఆ గదిలో చీపురు పట్టుకుని నిలబడ్డ రోజులన్నీ తలుచుకున్నాను. జోగారావుగారు పెద్ద బటను నొక్కుతారు, చుట్ట ఒక పక్కకి జరుపుతారు, అప్పుడు...

"రమణా, ఇది ఇలా పాడేది కాదు. టక టక టక అనేది. వడ్రంగిపిట్ట మానుని పొడిచినట్టు. ఒక్కో అంకెకి ఒక్కో వరస."

రమణ ఒక్క క్షణం నన్ను చూశాడు. "పల్సు," అన్నాడు. "మన లైనుకి టోను పనిసెయ్యదు." ఒక అక్షరం మార్చాడు. పెద్ద బటను నొక్కాడు.

టక టక టక. టక టక. రెండేళ్ళుగా వినని వడ్రంగిపిట్ట. అవతల గంట మోగింది. ఇంటర్నెట్టు వాళ్ళ మోడెం ఎత్తింది. కీచుమంది, గరగరమంది, దీపాలన్నీ వెలిగాయి.

మొదటిసారి ఫోటో సగం వెళ్ళి తెగిపోయింది. తడిసిన తీగ మీద గరగర ఎక్కువ. రమణ ఫోటోని చిన్నది చేశాడు, మోడెం వేగం తగ్గించాడు. నడిచి వెళ్ళు, పరిగెత్తకు అన్నట్టు. మళ్ళీ వడ్రంగిపిట్ట, మళ్ళీ గోల. ఆసుపత్రిలో ఉన్నది ఒకటే లైను. ఎవరు రిసీవరు ఎత్తినా తెగుతుంది. అందుకని నేను వెళ్ళి డాక్టరమ్మ గదిలో ఫోను పక్కన కూర్చుని, రిసీవరు మీద అరచెయ్యి పెట్టి ఉంచాను. అప్పుడు నా ఉద్యోగమంతా ఆ అరచేతిలోనే ఉంది.

నాయనమ్మ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. పక్కగదిలో ఆ పెట్టె ఎందుకు ఏడుస్తోందని అడిగింది. బుద్రి చెయ్యి గురించి కొండ కింద పెద్ద డాక్టరుతో చెబుతోందన్నాను. ఆవిడ కాసేపు విని, "ఏడవనీ," అంది. "నేను ఏడిస్తే గుంట బెంగపడతాది. నా బదులు దాన్నే ఏడవనీ."

వెళ్ళింది అని రమణ కేకేశాడు. తీగ విడదీశాడు. ఇక విశాఖ డాక్టరుగారు చూసి చెప్పడానికి ఫోను మోగాలి. నా అరచెయ్యి తీయడం మరిచిపోయి అలాగే ఉంచాను. మోగినప్పుడు ఆ గంట నా ఎముకల్లోకి వచ్చింది.

డాక్టరమ్మ ఫోను చెవికి పెట్టుకుని ఒక్కో మాటా తిరిగి అంటూ కాగితం మీద బొమ్మ గీసుకున్నారు. ముక్క లోపలి వైపుకి, వెనక్కి జరిగింది. ఆవిడ అనుకున్న వైపు కాదు.

పిల్లకి మత్తు ఇచ్చారు. నర్సమ్మ భుజం పట్టుకుంది, నేను తల పట్టుకున్నాను. డాక్టరమ్మ నెమ్మదిగా లాగారు, తిప్పారు, కొద్దిగా మడిచారు. తర్వాత పిల్ల చూపుడు వేలి గోరు నొక్కి వదిలారు. అందరం ఆ గోరునే చూశాం. తెల్లగా ఉంది. తెల్లగానే ఉంది. తర్వాత ఎర్రటి చుక్క ఒకటి గోరు కింద నుంచి పైకి పాకింది, పొద్దున కొండ మీద ఎండ పడ్డట్టు.

నాయనమ్మ అప్పుడు ఏడ్చింది.

ఎవరి తప్పు

సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచి టీ ఇచ్చారు. తొమ్మిదేళ్ళు ఎలా దాచావని అడిగారు. మీరే చీటీలు చదివి పెట్టేవారు కదమ్మా అన్నాను. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టారు.

"జోగారావుగారి చీటీ నేను కూడా ఎప్పుడూ చూడలేదు. కార్యదర్శీ చూడలేదు. చదువొచ్చిన వాళ్ళం ఇంతమందిమి ఉన్నాం. తప్పంతా నీ నెత్తిన వేసుకోకు."

ఆవిడ మాట నిజమే. కాని సగమే నిజం. ఇప్పుడు పనికి వచ్చే పిల్లలకి ఆ మిగతా సగం చెబుతాను. ఆ చీటీ నాకు చదవడం వచ్చి ఉంటే, ఆ రోజు మేము బెజ్జాలు మార్చుకుంటూ, కూతలు గుర్తు చేసుకుంటూ పోగొట్టుకున్న సమయం పోయేది కాదు. పిల్ల వేళ్ళు అంతసేపు చల్లగా ఉండేవి కావు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియదని చెప్పకపోవడం వల్ల ఆ ఖర్చు ఇంకెవరి ఒంటి మీదో పడుతుంది. అది నాకు రాని చదువు కన్నా పెద్ద తప్పు.

మీ దగ్గరికి ఎంత కొత్త మిషను వచ్చినా, పెట్టె మీది పేరు నమ్మకండి. దాన్నే అడగండి, చెబుతుంది. మీ పక్కన ఊడ్చే మనిషి ఉంటే ఆమెనీ అడగండి. ఆమె చూసి ఉంటుంది, విని ఉంటుంది. ముఖ్యమైన సంగతి చీటీ మీద రాస్తే రెండు రాయండి, ఒకటి ఆమెకి చదివి వినిపించండి. పాత వస్తువుని పారేసేముందు ఒక్క వానాకాలం ఆగండి.

ఇంతే నాకు తెలిసింది. మిగతా పని మీరు చేస్తూ నేర్చుకుంటారు.

మర్నాడు పొద్దున

వాన వెలిసింది. నేను మామూలు కంటే ముందే బయల్దేరాను. దారిలో కోమటి కొట్టు తలుపు తీయించి ఒక పలక, బలపాల పెట్టె కొన్నాను. మనవడికా అని అడిగాడు కొట్టతను. కాదు, నాకే అన్నాను. ఆ మాట రెండోసారి చెప్పడం మొదటిసారంత కష్టంగా లేదు.

ఆసుపత్రిలో చీపురు ముట్టుకోకుండా నేరుగా బుద్రి మంచం దగ్గరికి వెళ్ళాను. లేచి కూర్చుని ఉంది. కుడి చెయ్యి కట్టులో, మెడకి వేలాడుతూ. పలక చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"నేను రాయలేను కదా అప్పా."

"నువ్వు రాయక్కర్లేదు. నువ్వు చెప్పు, నేను రాస్తాను. నాకు రాదు."

నమ్మలేదు. ఇంత పెద్దదానివి నీకు రాదా అంది. రాదన్నాను. నవ్వింది. నేను బలపాన్ని దుంపలు తవ్వే కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నానని మళ్ళీ నవ్వింది. నాయనమ్మ కూడా నవ్వింది. తర్వాత బుద్రి టీచరమ్మలా గొంతు సవరించుకుని, అ రాయమంది. గుండ్రంగా మొదలుపెట్టమంది. మొదలుపెట్టాను. గీత సగంలో ఎటు పోవాలో తెలియక ఆగాను.

కట్టు చివర నుంచి ఆమె వేళ్ళు బయటికి ఉన్నాయి. అందులో చూపుడు వేలు, నిన్న తెల్లగా ఉన్నది, కొంచెం కదిలింది. పలక మీద గాలిలో చిన్న సున్నా చుట్టి, ఇటు తిప్పు అని చూపించింది.

తిప్పాను.